‘నన్ను నేను పిలుచుకుంటాను’ అనడం ఎందుకు?

పాఠకుల భాషా సందేహాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో అయిదింటిని ఒకచోట చేర్చాను. రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు, అడిగిన భాషలూ వేరు. అయినా అందరూ తడుముకుంటున్నది ఒకే చిన్న మాటను. అది ఫ్రెంచిలోనూ స్పానిష్‌లోనూ ‘సె’, ఇటాలియన్‌లో ‘సి’.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. పేరు చెప్పడానికి ‘జ్ మాపెల్’ అనాలని మొదటి పాఠంలోనే నేర్పారు. మాటకు మాట పెడితే ‘నేను నన్ను పిలుస్తాను’ అని వస్తుంది. ఇంట్లో ఆ అర్థం గట్టిగా చదువుతుంటే మా అమ్మమ్మ, ‘నిన్ను నువ్వే పిలుచుకోవడమేమిటే, పిలిచేవాళ్ళు కరువయ్యారా?’ అని నవ్వింది. తరవాతి పాఠాలలో కూర్చోవడానికీ పడుకోవడానికీ కోపం తెచ్చుకోవడానికీ అదే తోక తగులుతోంది. దీనికి పద్ధతేమైనా ఉందా, బట్టీ పట్టవలసిందేనా? — ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ అమ్మమ్మగారు నవ్వుతూనే సగం జవాబు చెప్పేశారు. ఆవిడ ‘నిన్ను నువ్వే పిలవడమేమిటే’ అనలేదు, ‘పిలుచుకోవడమేమిటే’ అన్నారు. పిలిచే మనిషీ ఆ పిలుపు అందుకునే మనిషీ ఒకరే అయినప్పుడు క్రియకు ‘కొను’ చేర్చకుండా తెలుగువారి నోట మాట రాదు. ఫ్రెంచివారి ‘సె’ చేసే పనిలో పెద్ద భాగం మనకు ఈ ‘కొను’ చేసిపెడుతోంది. (కర్త ‘నేను’ అయితే ఆ ‘సె’ ‘మ’గా మారుతుంది, మీ ‘మాపెల్’లో ఉన్నది అదే.) ఈ పోలికను పట్టుకుంటే బట్టీ పట్టవలసినది బాగా తగ్గుతుంది. ఎక్కడ వదిలిపెట్టాలో కూడా తెలిస్తే మరీ మంచిది.

పాఠ్యపుస్తకాలు ‘సె’ ఎదురుగా ‘తనను తాను’ అని అర్థం రాస్తాయి. చిక్కంతా ఆ అర్థంతోనే మొదలవుతుందని నా అభిప్రాయం. ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త లూసియాఁ తెనియేర్ వాక్యాన్ని చిన్న నాటకంతో పోల్చాడు. క్రియ కథ అయితే, దాని చుట్టూ ఉన్న నామాలు పాత్రలు. ‘తల్లి పిల్లకు తల దువ్వింది’ అన్న నాటకంలో ఇద్దరున్నారు, దువ్వే మనిషి ఒకరు, దువ్వించుకునే మనిషి ఒకరు. మరి ‘తల్లి తల దువ్వుకుంది’ అన్నప్పుడో? ‘తనను తాను’ అన్న అర్థాన్ని నమ్మితే అక్కడా రెండు పాత్రలున్నట్టు, తల్లి ద్విపాత్రాభినయం చేస్తున్నట్టు లెక్క. కానీ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్న మనిషిని చూసి ‘ఈవిడ ఒకరిని దువ్వుతోంది, ఆ ఒకరు తానే’ అని ఎవరూ అనుకోరు. అక్కడ ఉన్నది మొదటినుంచీ ఒకే పాత్ర. పని ఆమె దగ్గర పుట్టి ఆమె దగ్గరే ఆగిపోతోంది.

సుజాన్ కెమ్మర్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఒకదానితో ఒకటి చుట్టరికం లేని అనేక భాషలను పక్కపక్కన పెట్టి చూసి, 1993లో అచ్చయిన తన గ్రంథంలో సరిగ్గా ఈ సంగతినే కొలతగా తీసుకుంది. ఒక సంఘటనలో పాల్గొన్నవారిని మాట్లాడే మనిషి ఎంతవరకు విడివిడిగా చూస్తున్నాడన్నదే ఆ కొలత. మరొకరిని కొట్టినప్పుడు ఇద్దరూ స్పష్టంగా విడిపోయి కనిపిస్తారు. ఒళ్ళు శుభ్రం చేసుకోవడం, కూర్చోవడం, పడుకోవడం, నొచ్చుకోవడం, ఊహించుకోవడం వంటి పనులలో ఆ విభజన మసకబారుతుంది. ఇలాంటి గుర్తు ఉన్న భాషలలో ఈ పనులు తరచుగా గుంపుగా వచ్చి ఆ ఒకే గుర్తు కింద చేరుతుంటాయి. వ్యాకరణ రూపాన్ని సూత్రంగా అప్పజెప్పి ఊరుకోకుండా, మాట్లాడేవారి ఏ అవసరం ఆ రూపాన్ని అక్కడికి తెచ్చిందని అడిగే పద్ధతిని ప్రకార్యవాదం అంటారు. మీరు అడిగిన ‘పద్ధతి’ అదే.

ఇప్పుడు మీ పాఠ్యపుస్తకం తెరిచి చూడండి. ‘సె పేన్యే’ అంటే దువ్వుకొను, ‘సె రాజే’ అంటే గడ్డం గీసుకొను, ‘సాస్వార్’ అంటే కూర్చొను, ‘సె కుషే’ అంటే పడుకొను, ‘సె రేవేయే’ అంటే మేలుకొను, ‘సె ఫాషే’ అంటే కోపగించుకొను, ‘సిమాజినే’ అంటే ఊహించుకొను. పారిస్‌కూ విశాఖకూ మధ్య ఎవరూ కూడబలుక్కోకుండానే ఇన్ని జతలు కుదిరాయి. అన్నీ కుదరవు సుమా. లేవడానికి ఫ్రెంచివారు ‘సె ల్వే’ అంటారు, మనం ఉత్త ‘లేచు’తో సరిపెడతాం, మనం ‘నేర్చుకుంటాం’, వారి ‘ఆప్రాఁద్ర్’కు ‘సె’ అక్కరలేదు. కొన్ని క్రియలలో ఈ తోక ఊడిరానంతగా అతుక్కుపోయింది కూడా. స్పానిష్‌లో పశ్చాత్తాపపడడానికి ‘అరెపెంతీర్సె’ అంటారు. అందులోంచి ‘సె’ తీసేస్తే మిగిలేదానికి వాడుకే లేదు. మనకు ‘కోలుకొను’ ఉన్నట్టే. రోగి కోలుకుంటాడు, కానీ ‘కోలడు’.

ఇక ‘జ్ మాపెల్’. పేరు చెప్పేటప్పుడు మనల్ని పిలిచేవారెవరన్నది ఎవరికీ పట్టదు. ఆ పేరు ఎవరిదన్నదే కావాలి. పిలిచే పాత్రను తెరవెనక్కి పంపి, పేరుగల మనిషినే ముందుకు తేవడానికి ఫ్రెంచివారు ఈ నిర్మాణం వాడుకున్నారు. స్పానిష్‌లో ‘మె యామో’, ఇటాలియన్‌లో ‘మి కియామో’ అదే దారిలో నడిచాయి. రుమేనియన్‌లో వాడుకగా వినబడే ‘మ క్యామ’ మాత్రం మన దారికి దగ్గర. అందులో ‘నన్ను’ ఉంది, ‘పిలుచు’ ఉంది, పిలిచేవారు లేరు. ‘నన్ను ఫలానా అంటారు’ అన్నట్టే. మీ అమ్మమ్మగారికి ఇది చెప్పి చూడండి, రుమేనియావారిని మెచ్చుకుంటారు.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం స్పెయిన్‌లో ఉంటుంది. వీడియో కాల్‌లో మాట్లాడుతుండగా మనవడి చేతిలోని గాజుగ్లాసు కిందపడి పగిలింది. వాడు వెంటనే ‘సె మె కయో ఎల్ వాసో’ అన్నాడు. ‘గ్లాసు తనంతట తనే నాకు పడిపోయింది’ అని దాని అర్థమట. తప్పు గ్లాసు మీదికి నెట్టడం ఆ భాష పద్ధతా, మావాడి గడుసుతనమా? — ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: గడుసుతనమేమీ లేదు. అక్కడ పెద్దమనుషులు కూడా అలాగే అంటారు. తెలుగులో మీ మనవడు అనవలసింది ‘చెయ్యి జారి పడిపోయింది, అమ్మమ్మా’ అని కదా. అందులోనూ పడింది గ్లాసే.

ఆ వాక్యంలో ‘మె’ అంటే నాకు. ఆ నష్టం ఎవరి మీద పడిందో అది చెబుతుంది. ‘కయో’ అంటే పడింది. కర్మ అక్కరలేని క్రియ అది. మరి ‘సె’ ఎందుకు? స్పానిష్‌వారు వాన పడుతోందని చెప్పడానికి ‘సె’ వాడరు. వాన పడడం దాని స్వభావం. చేతిలో నిలబడవలసిన గ్లాసు నిలబడకుండా పడితే, మనం అనుకున్నదానికి ఎదురు తిరిగి పడితే, అప్పుడు ‘సె’ వచ్చి చేరుతుంది. మనం ‘వాన పడుతోంది’ అంటాం, ‘గ్లాసు పడిపోయింది’ అంటాం. వారు ‘సె’తో చూపే తేడాను మనం ఇక్కడ ‘కొను’తో కాక ‘పోవు’తో చూపుతున్నాం. ఇలాంటిదే మరొకటి. పండంతా మిగల్చకుండా తిన్నాడనడానికి స్పానిష్‌లో క్రియకు ‘సె’ చేరుస్తారు. మనం ‘తినేశాడు’ అని ‘వేయు’ చేరుస్తాం.

‘తనంతట తానే’ జరిగే పనుల సంగతి వచ్చింది కాబట్టి కొంచెం పక్కకు వెళ్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని ఊపేసినప్పుడు ఇంట్లో కూర్చుని విన్న చప్పుళ్ళన్నీ ఈ వ్యాకరణానికి ఉదాహరణలే. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, గోడకేసి కొట్టుకున్నాయి. అద్దాలు మాత్రం పగిలాయి, కొమ్మలు విరిగాయి, కరెంటు తీగలు తెగాయి. చేసింది అదే గాలి. మరి తలుపులకు ‘కొను’ ఉండి, అద్దాలకూ కొమ్మలకూ తీగలకూ ఎందుకు లేదు? కారణం తలుపులో లేదు, క్రియలో ఉంది. తెలుగులో ‘తెరుచు’, ‘మూయు’ అన్నవి పుట్టుకతోనే ఎవరో ఒకరు చేసే పనులు. చేసేవారిని తొలగించి చెప్పాలంటే వాటికి ఏదో ఒకటి చేర్చక తప్పదు, అందుకే ‘కొను’. ‘పగులు’, ‘విరుగు’, ‘తెగు’ మొదటినుంచే చేసేవారు అక్కరలేని క్రియలు. వాటి విషయంలో చేసేవారిని తేవడానికే మార్పు కావాలి. కాబట్టి పగలగొట్టు, విరుచు, తెంచు అంటాం. స్పానిష్‌లో విరవడానికీ పగలగొట్టడానికీ వాడే ‘రొంపెర్’ పుట్టుకతో సకర్మకం. అందుకని అక్కడ కొమ్మ విరిగినా అద్దం పగిలినా తలుపు తెరుచుకున్నా అన్నిటికీ ‘సె’ పడుతుంది.

మార్టిన్ హాస్పెల్మాత్ అనే జర్మన్ పండితుడు 1993లో 21 భాషలలో ఇటువంటి 31 క్రియల జతలను పోల్చి చూశాడు. ఎండడం, మరగడం వంటివి ఎవరి చెయ్యీ పడకుండా జరిగేవి కాబట్టి వాటిలో అకర్మక రూపమే మూలంగా ఉండి, చేయించే అర్థానికి అదనపు గుర్తు పడే మొగ్గు కనిపించింది. తెరవడం, మూయడం వంటి పనులకు సాధారణంగా ఒక మనిషి కావాలి కాబట్టి వాటిలో మొగ్గు తారుమారైంది. వంటింట్లో నిలబడి సరిచూసుకోవచ్చు. నీళ్ళు మరుగుతాయి, మనం మరిగిస్తాం. ఫ్రెంచిలోనూ నీళ్ళు మరగడానికి ‘సె’ లేదు, మరిగించడానికే ‘ఫేర్’ అనే మరో క్రియ సాయం కావాలి. అదే వంటింటి తలుపు తెరుచుకుంటే వారికి ‘సె’, మనకు ‘కొను’. ‘కొను’ అంటే ‘తనను తాను’ అన్న అర్థాన్ని ఇక్కడ పెట్టి చూస్తే ఎంత అన్యాయమో తెలుస్తుంది. తలుపు తనను తాను తెరవలేదు.

ప్రశ్న: ఓడలో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చాను. స్పెయిన్, చిలీ, బ్రెజిల్ రేవుల్లో ఇళ్ళ గోడలమీద ‘సె వెందె’, ‘సె అల్కీలా’, ‘వెందె-సె’ అన్న బోర్డులు చూశాను. ‘సె’ అంటే తనను తాను అయితే, ఇల్లు తనను తానే అమ్ముకుంటోందా? — ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: మీరు మల్కాపురం నుంచి గాజువాక వెళ్ళే దారిలోనే ‘ఈ స్థలము అమ్మబడును’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డులు చూసి ఉంటారు. ‘సె వెందె’ అంటే అమ్మబడును, ‘సె అల్కీలా’ అంటే అద్దెకు ఇవ్వబడును. బ్రెజిల్‌వారి పోర్చుగీసులో ‘వెందె-సె’ అన్నా అమ్మబడుననే. అమ్మేది ఎవరో చెప్పవలసిన పని ఆ బోర్డుకు లేదు. కొనదలచినవారు కింద ఉన్న ఫోన్ నంబరు చూసుకుంటారు.

తనకు తాను చేసుకునే పనిని చెప్పే మాట ఇక్కడిదాకా ఎలా నడిచివచ్చిందన్నది అసలు ముచ్చట. లాటిన్‌లో ‘చెప్పబడును’ అనడానికి ‘దీకితుర్’ అని క్రియాంతంలోనే ఒక ప్రత్యయం ఉండేది. జనం నోట లాటిన్ స్పానిష్‌గానూ ఇటాలియన్‌గానూ మారే క్రమంలో ఆ ప్రత్యయం పూర్తిగా రాలిపోయింది. ఖాళీ అయిన చోటికి నెమ్మదిగా జరిగి వచ్చినవాటిలో ‘సె’ ఒకటి. ‘దీకితుర్’ అన్న చోట నేడు స్పానిష్‌వారు ‘సె దీసె’ అంటారు. మధ్యలో మెట్టు ఏమిటంటే, పై జవాబులో చెప్పిన ‘తెరుచుకోవడం’. తలుపు గాలికి తెరుచుకున్నప్పుడు చేసేవారు లేరు. ‘వేసవి సెలవుల తరవాత బడులు తెరుచుకున్నాయి’ అని పత్రికలలో రాస్తున్నాం, అక్కడ చేసేవారు ఉన్నారు. వారి ఊసు ఎత్తడం లేదు, అంతే. లేకపోవడానికీ ఊసెత్తకపోవడానికీ మధ్య ఉన్న ఆ సన్నని గట్టును ‘సె’ ఎప్పుడో దాటేసింది. మన ‘కొను’ దాని అంచుమీద నిలబడి ఉంది. ‘బడులు తెరుచుకున్నాయి’ వరకు వచ్చింది కానీ ‘ఇళ్ళు అమ్ముకున్నాయి’ అనేదాకా రాలేదు. వస్తుందని నేను అనుకోను. మనకు ఆ పని చేయడానికి వేరే మనుషులున్నారు: బోర్డులమీద ‘బడు’, నోటిమాటలో ‘అమ్ముతారు’. ‘బడు’ నాకు పెద్దగా నచ్చదు. బోర్డుమీద, దస్తావేజులో ఫరవాలేదు గానీ, కథలలోనూ వార్తలలోనూ ‘అతడు కొట్టబడెను’ అని చదివినప్పుడు తెలుగు చదువుతున్నట్టుండదు.

మీరు మరోసారి ఓడెక్కితే బోర్డులను ఇంకాస్త దగ్గరగా చూడండి. ఫ్లాట్లు అనేకం అమ్మకానికి ఉంటే స్పానిష్‌లో ‘సె వెందెన్ పీసోస్’ అని బహువచన క్రియ రాయాలి, ఎందుకంటే అమ్మబడేవి అనేకం. అయినా ‘సె వెందె పీసోస్’ అని ఏకవచనంలో రాసినవీ కనిపిస్తాయి. బ్రెజిల్‌లో ఈ ఏకవచనం మరీ ఎక్కువ. వ్యాకరణం పాఠం చెప్పే పంతుళ్ళు దానిని తప్పంటారు. రాసినవాడి మనసులో మాత్రం ఫ్లాట్లు కర్తగా లేవు, పేరు లేని అమ్మకందారే ఉన్నాడు. ‘అమ్మబడును’ అన్నది ‘అమ్ముతారు’ వైపు జరుగుతోందన్నమాట. కర్మస్థానంలో మనుషులుంటే స్పానిష్ ఆ జరుగుబాటును నియమంగానే ఒప్పుకుంది. ‘దోషులను శిక్షించారు’ అనడానికి దోషులను కర్తగా పెట్టి ‘సె’ చేరిస్తే ‘దోషులు తమను తామే శిక్షించుకున్నారు’ అన్న అర్థం వచ్చిపడుతుంది. కాబట్టి దోషుల ముందు ‘ను’ వంటి ‘ఆ’ అనే మాట పెట్టి, క్రియను ఏకవచనంలో ఉంచుతారు. ఇల్లు తనను తాను అమ్ముకోలేదు కాబట్టి అక్కడ ఆ జాగ్రత్త అక్కరలేదు. అవసరం ఉన్నచోటే వ్యాకరణం కట్టుదిట్టం చేసుకుంటుందనడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తట్టడం లేదు.

ఆ తరవాతి అడుగులో అమ్మడానికి వస్తువు కూడా అక్కరలేకపోయింది. ‘సె వీవె బియెన్ అకీ’ అంటే ఇక్కడ హాయిగా బతకవచ్చు. ఇటాలియన్‌లో ‘సి మాంజా బెనే’ అంటే ఇక్కడ భోజనం బాగుంటుంది. ఎవరు బతుకుతారు, ఎవరు తింటారు? ఎవరైనా. ఫ్రెంచి మాత్రం ఇంత దూరం రాలేదు. ‘అలా అనరు’ అనడానికి ‘సా న్ సె ది పా’ అంటుంది, ‘తెల్లద్రాక్షసారా చల్లగా తాగాలి’ అనడానికి కూడా ‘సె’ వాడుతుంది, కానీ ‘ఇక్కడ హాయిగా బతకవచ్చు’ అన్నచోట ఆగిపోతుంది. లాటిన్‌లో మనిషి అనే అర్థమున్న ‘హోమో’ నుంచి పుట్టిన ‘ఓఁ’ అనే సర్వనామం ఫ్రెంచిలో ఆ చోటును ముందే ఆక్రమించుకుంది. ఇటాలియన్‌లో ‘ఎవరైనా’ అనే ‘సి’, ‘కడుక్కొను’ అనే ‘సి’ ఒకే వాక్యంలో పక్కపక్కన పడితే, మొదటిదానిని ‘చి’గా మార్చి ‘చి సి లావా’ అంటారు. ఒకే మాటకు రెండు ఉద్యోగాలు ఉన్నాయని దానిని మాట్లాడేవారికే తెలుసు.

ప్రశ్న: ఇదంతా పాణిని ఎప్పుడో చెప్పిన ఆత్మనేపదమే కదా? ‘సె’ మన ‘స్వ’ శబ్దమేనని కూడా విన్నాను. — ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు, సింహాచలం

జవాబు: మీరు విన్నది నిజమే. లాటిన్ ‘సె’, సంస్కృత ‘స్వ’ ఒకే ఇండో-యూరోపియన్ మూలంనుంచి వచ్చిన జ్ఞాతులు. ఆత్మనేపదంతో పోలిక కూడా సరైనదే, కానీ ఆ రెండు సంగతులనూ ఒకటిగా ముడివేయవద్దని మనవి. ఆత్మనేపదం క్రియాంత ప్రత్యయాలది, ‘స్వ’ సర్వనామానిది. సంస్కృతంలో ‘సచతే’కు లాటిన్‌లో ‘సెక్వితుర్’ జ్ఞాతిరూపం, రెండింటికీ అనుసరించడమే అర్థం, రెండూ ఆత్మనేపదం వంటి ప్రత్యయాలనే ధరించాయి. లాటిన్ బిడ్డలైన భాషలలో ఆ ప్రత్యయాలు పోయాయి, సర్వనామం వచ్చి ఆ పనులను ఎత్తుకుంది. ఇల్లు అదే, అద్దెకున్నవారు మారారు.

‘స్వరితఞితః కర్త్రభిప్రాయే క్రియాఫలే’ అన్న సూత్రాన్ని మీకు నేను చెప్పనక్కరలేదు. ఇతర పాఠకులకోసం రాస్తున్నాను. క్రియాఫలం కర్తకే చెందేటప్పుడు ఆత్మనేపదం వాడాలి. ఇతరులకు వండితే ‘పచతి’, తనకు వండుకుంటే ‘పచతే’. తెలుగు పాఠకుడికి ఇందులో కొత్తదనమే తోచదు, ‘వండాడు’, ‘వండుకున్నాడు’ అని రోజూ అంటూనే ఉన్నాడు. ఉత్తరం చదవడం వేరు, చదువుకోవడం వేరు. ఫ్రెంచివారు కూడా తమకోసం పుస్తకం కొన్నప్పుడు ‘నాకు’ అనే అర్థంలో ‘మ’ చేర్చి చెబుతారు, అంటే మన ‘కొనుక్కున్నాను’. అసలు ‘కొనుక్కున్నాను’లో ‘కొను’ రెండుసార్లు ఉంది: మొదటిది డబ్బిచ్చి తీసుకోవడం, రెండోది ఫలం తన దగ్గరికి చేర్చుకోవడం. ‘కొను’ అంటే పుచ్చుకోవడం. తమిళంలో ‘కొళ్’, కన్నడంలో ‘కొళ్ళు’ దీనికి తోబుట్టువులు, అవీ ఇదే పని చేస్తాయి. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి వెలువరించిన తెలుగు వ్యాకరణంలో ఈ ‘కొను’ను ఆత్మార్థక సహాయక్రియగా వివరించారు. ‘చదివిన’ అని కాక ‘చదువుకున్న’ అనే ఎందుకు రాశానో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

లాటిన్ సర్వనామం దగ్గర మొదలుపెట్టింది, తెలుగు ‘పుచ్చుకో’ దగ్గర మొదలుపెట్టింది, స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులోని బాస్క్ భాషవారైతే ‘తన తల’ అనే మాటనే ‘తనను’ అన్న అర్థంలో వాడతారు. బయలుదేరిన చోట్లు వేరైనా చేరిన ఊళ్ళు దగ్గరదగ్గరివి. దీనికి కారణం రక్తసంబంధం కాదు, మాట్లాడేవారి అవసరం. సంస్కృతానికీ తెలుగుకూ ఇక్కడ పోలిక కనిపించగానే ఒకటి మరొకదానినుంచి తెచ్చుకుందని తేల్చేవారితో నేను ఏకీభవించను.

ప్రశ్న: నేను ఒక ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దుతాను. ఒక అనువాద నవలలో ‘అతను తనను తాను గడ్డం గీసుకున్నాడు’ అని వచ్చింది. ‘తనను తాను’ కొట్టేశాను. అనువాదకుడు ‘మూలంలో ఉంది’ అన్నాడు. నేను చేసింది సరైనదేనా? — ఒక పాఠకురాలు, ద్వారకానగర్

జవాబు: సరైనదే. మూలంలో ఉన్నది బహుశా ‘సె’ అయి ఉంటుంది, దానికి మీ ‘గీసుకున్నాడు’లోని ‘కొను’ చాలు.

జాన్ హైమన్ అనే భాషాశాస్త్రవేత్త 1983లో ఒక వ్యాసంలో చెప్పిన తేడా మీకు పనికివస్తుంది. గడ్డం గీసుకోవడం, స్నానం చేయడం వంటివి ఎవరైనా మామూలుగా తమకే చేసుకునే పనులు. అవి లోపలికి తిరిగిన క్రియలు. కొట్టడం, ద్వేషించడం, పొగడడం ఇతరులవైపు తిరిగినవి. లోపలికి తిరిగినవాటికి పొట్టి గుర్తు సరిపోతుంది, ఎదురుచూడని సంగతేమీ లేదు కనక. బయటికి తిరిగిన క్రియ తనమీదికే మళ్ళితే వినేవాడు తడబడతాడు, కాబట్టి భాష పొడుగాటి గుర్తు అడుగుతుంది. స్పానిష్‌లో ‘తనను తాను ద్వేషించుకుంటాడు’ అనడానికి ‘సె’ ఒక్కటే పెట్టి ఊరుకోరు, ‘ఆ సీ మీస్మో’ అని వెనక తగిలిస్తారు. ఇటాలియన్‌లో ‘సె స్తెస్సో’ అంటారు. మనకు ‘తనను తాను’. చిత్రమేమిటంటే, తెలుగులో ఆ పొడుగు గుర్తు వచ్చినా పొట్టి గుర్తు పోదు. ‘తనను తాను ద్వేషిస్తాడు’ అంటే నా చెవికి అది అనువాదంలాగే వినిపిస్తుంది.

బహువచనంలో ఇంకో పేచీ ఉంది, ప్రూఫులు దిద్దేటప్పుడు కన్నేసి ఉంచండి. ‘అన్నదమ్ములు తిట్టుకున్నారు’ అంటే ఒకరినొకరు తిట్టుకున్నారనే అర్థం, ఎందుకంటే ఇద్దరుంటే తిట్లు ఎటునుంచి ఎటు పోతాయో లోకానికి తెలుసు. ఫ్రెంచి ‘సె’కూ ఇదే అర్థం ముందు తడుతుంది. ఎవరికి వారే తమను తిట్టుకున్నారని చెప్పాలంటేనే ‘తమను తాము’ కావాలి. కాబట్టి అన్నదమ్ముల దగ్గర ఆ మాట కనిపిస్తే కొట్టేయకండి.

మీ నవలలోని మనిషి గురించి ఒక్క మాట. అతను సినిమా నటుడై, తెరమీద కనిపిస్తున్న తన బొమ్మకు గడ్డం పెరిగి ఉండడం చూశాడనుకోండి. ‘తనను తాను తెరమీద చూసుకున్నాడు’ అని రాయవచ్చు, అక్కడ చూసేవాడూ కనబడేవాడూ నిజంగానే ఇద్దరు. అద్దం ముందు బ్లేడు పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం ఒక్కడే.